నూట పన్నెండో సెంటీమీటర్

పదకొండేళ్ళు మిర్చికి తొడిమలు తీశాను,
లాలుపురం రోడ్డు కోల్డ్ స్టోరేజీలో,
కిలోకి ఇంతని.
వేళ్ళకి మంట, కలిపిన ముద్దకి మంట,
పిల్లాడి కంట్లో నలక తీయబోతే
వాడు వారం రోజులు నన్ను దగ్గరికి రానీలేదు.

ఇప్పుడు కొరిటెపాడులో, మందుల షాపు మీది గదిలో
సముద్రానికి తొడిమలు తీస్తున్నాను.

ఈ మాటకి వారిజ మేడం నవ్వుతుంది గానీ
పని నిజంగా అదే.
బంగాళాఖాతం అడుక్కి గొట్టం దించి తోడిన బురద
ఓడలో వచ్చింది, లారీలో వచ్చింది,
చివరి రెండు మైళ్ళు ఆటోలో నా ఒళ్ళో వచ్చింది.
సెంటీమీటరుకో పొట్లం.
కడిగి, జల్లెడ పట్టి, ఆరబెడితే
మిగిలేది చిటికెడు తెల్ల నూక.
మైక్రోస్కోపులో చూస్తే నూక కాదు, గవ్వలు.
బతికున్నన్నాళ్ళూ పైనీళ్ళలో తేలి
చచ్చాక వానలా అడుక్కి రాలినవి.
మూడు బుడగలు అతికినట్టుండే రకం మాక్కావాలి.
దాని పేరులో ఎరుపు ఉందట. మేం ఏరేది తెల్లది.
యార్డులో ఇలా పేరు చెప్పి అమ్మితే కొడతారు.

నీళ్ళు వెచ్చగా ఉంటే గవ్వ తన సున్నంలోకి
మెగ్నీషియం కాస్త ఎక్కువ కలుపుకుంటుందట.
అది వేడి లెక్క.
ఆక్సిజన్‌లో బరువుది, తేలికది అని రెండున్నాయట.
ఆ లెక్కలో వేడీ ఉప్పూ కలిసిపోయి ఉంటాయి.
వేడి వాటా తీసేయాలి,
మంచుకొండల వాటా తీసేయాలి, అది వేరే కాగితం,
అప్పుడు మిగిలింది ఉప్పు.
"కారమెంతో తెలిస్తేనేగా కరుణా, పచ్చడిలో ఉప్పు చెప్పగలవు?"
ఆమెకి పచ్చడి పెట్టడం రాదు.
అయినా మాట నిజం.

మొదటిరోజే చెప్పింది,
కుంచె మొన నాలిక్కి తాకించొద్దని.
ఇరవై వేల ఏళ్ళ కిందటి ఉప్పులో
గుంటూరు ఉప్పు కలవకూడదు.

ఆ కాలంలో వానల్లేవట.
కృష్ణ చిక్కిపోయిందట, తక్కిన ఏళ్ళూ అంతే,
తీపినీళ్ళు అందక సముద్రం ఉప్పెక్కిందట.
చల్లగానూ ఉందట, రెండు డిగ్రీలో, మూడో.
"రెండు డిగ్రీలకి ఇంత హడావుడా మేడం,
మే నెలలో మాకెవరు లెక్కేస్తారు?" అన్నాను.
ఆమె జవాబివ్వలేదు.
కరెంటు పోయి ఆగిన ఫ్యాను వంక చూసింది.

ఆ రోజే, నూట పన్నెండో సెంటీమీటర్ దగ్గర,
నల్లపళ్ళెంలో నలభై గవ్వలు లెక్కపెట్టాను.
కింద ఎవరింట్లోనో ఎండుమిర్చి వేయిస్తున్నారు.
పదకొండేళ్ళు బస్తాల మధ్య తుమ్మని దాన్ని
తుమ్మాను.

పళ్ళెం ఖాళీ.
పొట్లంలో అడుగూ బొడుగూ కూడా లేదు.
టార్చి వేసి నేలంతా మోకాళ్ళ మీద పాకాం.
దొరికింది గవ్వో, గోడ రాల్చిన పెచ్చో,
రెండూ సున్నమే, ఎవరు చెప్పగలరు?
సెంటీమీటరంటే సుమారు నూట ఇరవై ఏళ్ళు.
మా అవ్వ వాళ్ళవ్వ పుట్టిన్నాటి నుంచి
మావాడు పదో తరగతి తప్పిందాకా.

కూలి కోస్తుందనుకున్నాను.
"తుమ్మితే ఆగాలిగా," అని
గ్లాసుడు మంచినీళ్ళు ఇచ్చి, తనూ తాగింది.

ఆర్నెల్ల తర్వాత గోడకి గీత అంటించింది.
ఎక్కుతూ దిగుతూ పోతుంది,
ఒకచోట తెగి, జానెడు దూరంలో మళ్ళీ మొదలవుతుంది.
"అటూ ఇటూ తెలిసిందేగా, కలిపేయొచ్చుగా?"
"మనం చూడలేదుగా," అంది.

హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చి
ఆ ఖాళీ మీద వేలు పెట్టి అడిగాడు,
ఇక్కడేమైంది, కరువా, వరదా, అని.
మేడం నా వైపు చూసింది.
నేను ముక్కు తుడుచుకున్నాను.